ఆ పన్నెండు బస్తాల తేమ

నాకు కోపం ఎక్కువ. ఈ ఒక్క విషయంలో మా ఇంట్లోవాళ్లు, కాలేజీ స్టాఫ్ రూము, మా వీధి ఆటోవాళ్లు అందరిదీ ఒకే మాట. అందులో సగానికి పైగా దండగ కోపమేనని నాకూ తెలుసు. చాక్‌పీసు విరిగితే వస్తుంది, సిగ్నల్ దగ్గర వెనకవాడు హారన్ కొడితే వస్తుంది, వచ్చినంత తొందరగానూ పోతుంది. పోయిన ఏడాది మిర్చి సీజన్లో వచ్చిన కోపం మాత్రం పోలేదు. దాని వెనక ఒక మనిషి నిజాయితీ మీద నేను నా చేత్తో వేసిన మచ్చ ఉంది. ఆ మచ్చ తుడవాలని నేను పడిన పాట్లు, తుడవలేకపోయిన తీరు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. పాఠాలతో పాటు, మా డిపార్టుమెంటు పెద్దసారు తెచ్చిన ఒక ప్రాజెక్టుకు లెక్కలు కట్టే పని కూడా నా నెత్తిన పడింది. ప్రాజెక్టు మిర్చి మీద. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చిన మిర్చిలో వెంటనే అమ్ముడుపోనిది కోల్డ్ స్టోరేజీలకు పోతుంది. అక్కడ కొన్ని బస్తాలు ఏడాదైనా ఎర్రగా నిగనిగలాడుతుంటాయి. కొన్ని నాలుగు నెలలకే లోపల బూజు పట్టి నల్లబడతాయి. ఏది నిలుస్తుందో, ఏది బూజు పడుతుందో ముందే చెప్పగలమా అన్నది మా ప్రశ్న.

అందుకోసం ఆరు ఊళ్లలో ఆరుగురిని పెట్టాం. రైతు మిర్చిని కల్లంలో ఆరబోసిన రోజు నుంచి బస్తా కోల్డ్ స్టోరేజీ గుమ్మం దాటేదాకా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మీటరుతో తేమ చూసి రాయడం వాళ్ల పని. ఊరికి పన్నెండు బస్తాలు. మొత్తం డెబ్బై రెండు.

బూజు పట్టడానికి తేమ ఎంత ఉందన్నది ఒక్కటే లెక్క కాదు, అంత తేమ ఎంతసేపు ఉందన్నది కూడా లెక్కే. గ్రాఫు గీస్తే, ఒక హద్దు గీతకు పైన, తేమ గీతకు కింద మిగిలే వైశాల్యమే ఆ బస్తాకున్న ప్రమాదం. బళ్లో గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి వైశాల్యం కనుక్కునేవాళ్లం కదా, అదే పని. కంప్యూటరూ గళ్లే లెక్కపెడుతుంది, కాకపోతే గళ్లను చిన్నవి చేసుకుంటూ పోతుంది. పెద్ద గళ్లతో వచ్చిన జవాబూ చిన్న గళ్లతో వచ్చిన జవాబూ దాదాపు కలిస్తే సరే అంటుంది. కలవకపోతే ఇంకా చిన్నవి చేస్తుంది. ఎంత చేసినా కలవకపోతే చేతులెత్తేస్తుంది. నేను వాడేది ఇలాంటి గణాంక నమూనాలు రాసుకోవడానికే పుట్టిన ఒక కంప్యూటరు భాష. ఒక్కో ఊళ్లో మిర్చి ఎంత వేగంగా ఆరుతుందో అది ఊహిస్తుంది. ఆ ఊహకు డెబ్బై రెండు వైశాల్యాలూ కడుతుంది. మళ్లీ ఇంకో ఊహ చేస్తుంది. అలా వేలసార్లు తిరగాలి.

నాది తిరగలేదు. మొదలుపెట్టిన రెండు నిమిషాలకే ఆగిపోయి, వైశాల్యంలో తప్పు నువ్విచ్చిన పరిమితిని దాటింది అని ఎర్ర అక్షరాలతో చెప్పేది. ఏ బస్తా దగ్గర దాటింది, ఎందుకు దాటింది అన్న వివరం ఒక్కటీ ఉండదు. నేరం చేశావని చెప్పి ఏ నేరమో చెప్పకుండా నిలబెట్టినట్టు ఉండేది.

రెండు వారాలు దానితో కొట్లాడాను. గంటల్లో ఉన్న కాలాన్ని రోజుల్లోకి మార్చాను. మొదటి ఊహలను నిజానికి దగ్గరగా ఇచ్చి చూశాను. హద్దు గీత దగ్గర లెక్క ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది కాబట్టి ఆ మలుపును నున్నగా చేశాను. మైనస్ గుర్తు ఎక్కడైనా తప్పిపోయిందేమోనని ప్రతి వరసా వేలు పెట్టి చదివాను. అదే ఎర్ర వాక్యం. ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నా కళ్ల ముందు అదే కనిపిస్తుంటే, ఉప్పు తక్కువైందని అన్నందుకు మా ఆయన మీద ఎగిరిపడ్డాను.

పెద్దసారుకు చెబితే ఆయన చిటికెలో తేల్చేశారు.

“టాలరెన్స్ పెంచమ్మా, గదే, తప్పుకు నువ్విచ్చిన పరిమితి. పాయింటు తర్వాత సున్నాలల్ల రెండు తీసెయ్. ఎర్రర్ రాకుంటే అయిపాయె గదా.”

“పెంచి చూసిన సార్. ఎర్రర్ వస్తలేదు గానీ, పొద్దున ఒక జవాబు, మధ్యాహ్నం ఒక జవాబు వస్తున్నది.”

“రెండిట్ల మంచిగున్నది పెట్టు” అని ఆయన ఫోన్ చూసుకోవడంలో పడ్డారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు లేకపోవడం వేరు, తప్పు కనపడకపోవడం వేరు. ఈ ముక్క నేను డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు చెబుతాను. పాతికేళ్ల సర్వీసు ఉన్న మనిషికి ఎలా చెప్పాలో తెలియక బయటికి వచ్చేశాను.

ఆ భాష వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి కష్టసుఖాలు చెప్పుకుంటుంటారు. అక్కడ నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఏ దేశం మనిషో, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మీ గీత నిజంగానే తెగకుండా సాగుతుందా, మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా లేస్తుందా అని. ఒళ్లు మండింది. మిర్చి ఎండలో ఉంటుంది, ఆరుతుంది, తేమ తగ్గుతుంది. ఇందులో లేవడానికి ఏముంది? మాది వరంగల్ మట్టెవాడ. మా నాన్నది గోనె సంచుల దుకాణం. సీజన్ వచ్చిందంటే ముక్కులో మిర్చి ఘాటు వదలని ఇల్లు మాది. నాకు మిర్చి సంగతి నువ్వు చెప్పాలా అని మనసులో తిట్టుకుని, మీ సలహాకు ధన్యవాదాలు అని రాశాను. సలహాను మాత్రం పక్కన పారేశాను.

చివరికి చేయాల్సిన పని చేశాను. వైశాల్యం కట్టే ముందు ఏ నంబరు బస్తాకు కడుతుందో ప్రతిసారీ తెరమీద రాయమని చెప్పాను. ఇది మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఇరవై సార్లు నడిపాను. ఇరవై సార్లూ ముప్పై ఏడుకు, నలభై ఎనిమిదికి మధ్యనే ఆగింది. అవన్నీ ఒకే ఊరి బస్తాలు.

ఆ ఊరు కేసముద్రం దగ్గర. అక్కడ రీడింగులు తీసేది నలభై అయిదేళ్ల ఒకావిడ. పదో తరగతి గట్టెక్కలేదు గానీ అంకెలు ముత్యాల్లా రాసేది. ఊళ్లోవాళ్లు ఆమెను రీడింగు అక్క అంటుంటే మేమూ అక్క అనే పిలిచేవాళ్లం. ఆమె పంపిన కాగితాలు తీసి గ్రాఫు గీశాను. ఇరవై రోజుల పాటు తేమ బుద్ధిగా దిగుతూ వచ్చింది. బస్తా కట్టే ముందురోజు సాయంత్రం తొమ్మిది పాయింట్ ఎనిమిది. మర్నాడు పొద్దున పద్నాలుగు పాయింట్ ఆరు. పన్నెండు బస్తాలకూ ఇదే వరస. గీత ఒక్కచోట గోడలా నిలబడింది. నా నమూనా ఆ గోడను పట్టుకోవాలని గీతను నిలువుగా వంచుతోంది, అంత నిలువైన చోట గళ్లు ఎంత చిన్నవి చేసినా జవాబులు కలవడం లేదు. ఎర్రర్ ఎక్కడ పుట్టిందో దొరికింది.

అక్కడితో ఆగి, ఈ గోడ ఎందుకుంది అని అడిగి ఉంటే సరిపోయేది. నేను అడగలేదు. ఆ రోజుల్లో వాన లేదు. మంచుకు అంత తేమ ఎక్కదు. రాత్రికి రాత్రి మిర్చి నీళ్లు తాగదు. కాబట్టి ఈమె కల్లానికి పోకుండా ఇంట్లో కూర్చుని అంకెలు వేసింది, వేసేటప్పుడు చివర్లో ఏదో తికమకపడింది అని తీర్పు చెప్పేశాను. రెండు వారాల కోపానికి ఒక మనిషి దొరికింది. అది ఎంత హాయిగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పెద్దసారుకు మెయిల్ పెట్టాను. ఈ ఊరి రీడింగులు నమ్మదగినవి కావు, కొలిచి రాసినవి కాక ఊహించి రాసినవిగా కనిపిస్తున్నాయి అని ఒకే వాక్యం. ఆయన దాన్ని ప్రాజెక్టులో ఉన్న మరో నలుగురికి పంపారు. నేను ఆ పన్నెండు వరసలూ తీసేశాను. నమూనా గంటన్నర నడిచి, ఒక్క ఎర్రర్ లేకుండా ముగిసింది. ఆ సాయంత్రం కాలేజీ గేటు ముందు బండి దగ్గర నిలబడి నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాను.

మూడో రోజు ఆమెను పని నుంచి తీసేశారు. మీటరు వాపసు చేయమని కబురు పోయింది. ఎవరితోనైనా పంపొచ్చు, కానీ ఆమే వచ్చింది. మధ్యాహ్నం క్లాసుకూ క్లాసుకూ మధ్య స్టాఫ్ రూములో ఉన్నాను. ఆమె చేతిసంచిలోంచి మీటరు తీసి, మీద చుట్టిన తువ్వాల విప్పి, బల్ల మీద పెట్టింది.

“ఇగో మేడం, మీ మీటరు. చూస్కో, ఖరాబు గాలే.”

“సరే అక్కా” అన్నాను తల ఎత్తకుండా.

“ఇంట్ల కూసోని రాసిన్నని రాసినవట గదా నా మీద.”

తల ఎత్తక తప్పలేదు. “మరి నువ్వే చెప్పు. పొద్దుమూకంగ తొమ్మిదున్న మిర్చి తెల్లారేసరికి పద్నాలుగు ఎట్లయితది? వాన పడ్డదా?”

“వాన పడలే.”

“మరి?”

ఆమె చుట్టూ చూసింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు లెక్చరర్లు పేపర్లు దిద్దుతున్నారు. గొంతు తగ్గించి, “గదంత ఈడ చెప్పే ముచ్చట గాదు” అంది. “శనివారం మాపటికి మా ఊరికి రా. రెండోసారి ఏరిన మిర్చి ఇంకా కల్లంలనే ఉన్నది. మీటరు నువ్వే పట్టుకరా. నువ్వే పెట్టు, నువ్వే చూడు. నేను ముట్టుకుంటే ఒట్టు.”

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నేను ఆమె మాట నమ్మి వెళ్లలేదు. ఆమె అబద్ధాన్ని ఆమె ఊళ్లోనే, ఆమె ముందే తేల్చి రావాలని వెళ్లాను. శనివారం ప్యాసింజర్ బండిలో కిటికీ పక్కన కూర్చుని, ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా నూరుకుంటూనే ఉన్నాను.

కేసముద్రం స్టేషన్లో ఆమె నిలబడి ఉంది. అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు. కల్లం చేరేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. నేల కనిపించకుండా మిర్చి పరిచి ఉంది. అడుగు పెట్టగానే నాకు వరసగా తుమ్ములు. ఆ మిర్చి ఆమెకు చిన్నాయన వరసయ్యే ఒక ముసలి రైతుది. నేను మీటరు పెట్టి చూశాను. తొమ్మిది పాయింట్ ఏడు. కాయ పట్టుకుని చెవి దగ్గర ఊపితే లోపల విత్తులు గలగలమన్నాయి.

కాసేపటికి ఆయన భార్య బిందెతో నీళ్లు తెచ్చింది. ఆయన మిర్చిని కుప్పగా చేస్తూ, బిందెలో చెయ్యి ముంచి, పెళ్లిలో పన్నీరు చల్లినట్టు కుప్ప మీద చల్లడం మొదలుపెట్టాడు.

“అయ్యో, నీళ్లెందుకు చల్లుతున్నరు?” అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూడకుండా అక్క వైపు చూశాడు. “ఎవలు బిడ్డా ఈమె? ఆఫీసామెనా?”

“మనామెనే చిన్నాయన. నువ్వు చల్లు, ఏం గాదు” అంది అక్క.

ఆయనకు నమ్మకం కుదరడానికి కొంత సేపు పట్టింది. తర్వాత నాకు అర్థమయ్యేలా నింపాదిగా చెప్పాడు. “గింత గలగల ఎండిన కాయను గట్లనే బస్తాలేసి తొక్కితే పలిగిపోతది బిడ్డా. ఇత్తులన్ని కింద రాలి పొడి పొడి అయితది. జర మెత్తవడాలె. మాపటికి నీళ్లు చల్లి కప్పి పెడ్తం. పొద్దుగాల తొక్కుతం. మా నాయిన గట్లనే చేసిండు, నేను గట్లనే చేత్తాన్న.”

కుప్పను కింద మీద కలిపి, మళ్లీ చల్లి, టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. ఆ రాత్రి అక్క వాళ్లింట్లో పడుకున్నాను. తెల్లారి ఆరింటికి టార్పాలిన్ తీశారు. నేను మీటరు పెట్టాను. పద్నాలుగు పాయింట్ రెండు. కుప్ప మధ్యలో చూశాను, అంచుల్లో చూశాను. బ్యాటరీ తీసి మళ్లీ వేసి చూశాను. అంతే. ఈలోగా ఇద్దరు మనుషులు గోనె సంచుల్లోకి దిగి మిర్చిని కాళ్లతో తొక్కుతున్నారు. కాయలు తోలులా వంగుతున్నాయి తప్ప ఒక్కటీ పగలడం లేదు. అక్క మాట మీద నిలబడింది, మీటరు వైపు చెయ్యి కూడా చాపలేదు.

నా తల తీసేసినట్టయింది. అప్పటికైనా చెంపలేసుకోవాల్సిందాన్ని, ఉన్న పాడు గుణం కొద్దీ ఆమె మీదే లేచాను.

“మరి గీ ముక్క కాగితం మీద రాయొచ్చు గదా అక్కా! రాస్తే ఇంత దూరం వస్తుండెనా?”

ఆమె నాకంటే గట్టిగా లేచింది. “ఏడ రాయాలె మేడం? నువ్విచ్చిన కాగితంల తారీఖున్నది, పొద్దుగాల ఉన్నది, మాపున్నది. నీళ్లు చల్లిన్రా అని ఏడన్న ఉన్నదా? ఉన్నా గూడ నేను రాయకపోతుంటి. నీళ్ల ముచ్చట కాగితమెక్కితే రేపు యార్డుల మా ఊరి పేరు చెప్పంగనే నీళ్ల మిర్చి అంటరు. ఊరంత దొంగలైతరు. అందుకే నోటితోని చెప్పలే. గని మీటరు ఏం జూపిచ్చిందో గదే రాసిన. పద్నాలుగు చూపిత్తె పద్నాలుగే రాసిన. అంకె మారిత్తె నాకేం బాధ లేకుండె గదా? ఒక్కటి గూడ మార్చలే.”

ఊరిని కాపాడాలని నోరు కట్టుకుంది, అంకెను మాత్రం ముట్టుకోలేదు. నేను ఆ అంకెను చూసి ఆమెను అబద్ధాలకోరు అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వరంగల్‌లో బండి దిగి నేరుగా మట్టెవాడలో నాన్న దుకాణానికి పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆయన సంచుల కట్ట మీద కూర్చుని విని, వింతగా చూశాడు.

“మిర్చికి నీళ్లు చల్లకుండ మూట గడ్తరా ఎవలన్న? యార్డుల అడ్తిదారులకు ఎరుకే, హమాలీలకు ఎరుకే, రైతులకు ఎరుకే. ఎవ్వలు చెప్పుకోరు, గంతే. గిది నన్నడుగకపోతివి?”

అడగలేదు. చిన్నప్పుడు యార్డు నుంచి తిరిగొచ్చిన పాత సంచుల కుప్పల మీద దూకుతూ ఆడుకున్నాను. వాటి చెమ్మ వాసనకు ముక్కు మూసుకున్నాను. ఎండిన మిర్చి పోసిన సంచికి చెమ్మ ఎందుకు వస్తుందని ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. చదువుకున్న చదువంతా మంట్లో పెట్టాలనిపించింది.

సోమవారం నమూనా తిరగరాశాను. బస్తా కట్టిన తేదీ, పూట అని ఒక కాలమ్ చేర్చాను. నీళ్ల మాట ఎక్కడా రాయలేదు, దాని అవసరమూ లేదు. ఆ పూట దగ్గర వైశాల్యాన్ని రెండు ముక్కలు చేశాను. కల్లంలో ఆరిన కాలానికి ఒక ముక్క, బస్తాలో ఉన్న కాలానికి ఇంకో ముక్క. గోడ ఇప్పుడు దారి మధ్యలో లేదు, రెండు ముక్కలకూ హద్దు మీద ఉంది. ఆ పన్నెండు వరసలూ వెనక్కి తెచ్చి నడిపాను. ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. ఇంటర్నెట్‌లో ఆ పరాయి మనిషి అడిగిన ఒక్క ప్రశ్నకు ఆ రోజే తలొగ్గి ఉంటే ఇది ఒక పూట పని.

సంతోషించడానికి నాకు అయిదు నిమిషాలు కూడా దక్కలేదు. జవాబులు చూస్తుంటే ఒక సంగతి తట్టింది. నీళ్లు చల్లకుండా ఎవరూ మూట కట్టరని నాన్న అన్నాడు. మరి మిగతా అయిదు ఊళ్ల అరవై బస్తాల్లో తేమ ఏ ఒక్క పొద్దునా పెరగలేదేం? ఆ కాగితాలు మళ్లీ తీశాను. అరవై గీతలూ చక్కగా, నున్నగా, బొమ్మ గీసినట్టు దిగుతున్నాయి. నమూనా ఏ ఇబ్బందీ లేకుండా మింగినవి అవే. పొద్దున కల్లానికి పోనివాళ్లు కొందరు, పోయినా పెరిగిన అంకె చూసి ఇదేదో తప్పని తగ్గించి రాసుకున్నవాళ్లు కొందరు అయి ఉంటారు. ఆరుగురిలో ఉన్నది ఉన్నట్టు రాసిన ఒక్క మనిషిని నేను ఏరి మరీ బయటికి పంపించాను.

కాగితాలు పట్టుకుని పెద్దసారు గదికి పోయాను. ఆయన అంతా విన్నారు.

“ఇప్పుడు దాన్ని కెలుకుడెందుకమ్మా? అరవై బస్తాలు మంచిగ రన్ అయినయి. రిపోర్టు పోయింది. అయిపాయె.”

“సార్, అందరిలో నిజంగ కొలిచింది ఆమె ఒక్కతే.”

“ఆమె మీద రాసింది ఎవరు? నువ్వే గదా?” అని ఆయన తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు.

పళ్లు నూరుకుంటూ బయటికొచ్చి ఇంకో మెయిల్ రాశాను. తప్పు నాది, ఆ ఊరి రీడింగులు సరైనవి, ఆమెను తిరిగి తీసుకోవాలి అని. నోటెడ్ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మొదటి మెయిల్ నలుగురికి పోయింది. ఇది ఆయన దగ్గరే ఆగింది. అక్కను మళ్లీ పిలవలేదు. నేను ఫోన్ చేసి నీదేం తప్పు లేదని చెబితే, “మెయిల్లు మా ఊర్లె ఎవ్వలు సదువలే మేడం. పనిల నుంచి తీసేసిన్రన్నదే అందరికి ఎరుక. దొంగ లెక్కలు రాసిందట అంటాండ్లు” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఈ జనవరిలో ప్రాజెక్టు రెండో ఏడాది డేటా వచ్చింది. అక్క జాగాలో డిగ్రీ చదివిన ఒకాయనను పెట్టారు. ఆ ఊరివి పన్నెండు బస్తాలు, పొద్దుటివీ సాయంత్రానివీ అన్ని గళ్లూ నిండి ఉన్నాయి. నేను చేర్చిన కాలమ్ కూడా నింపాడు. పన్నెండు బస్తాలూ ఒకే రోజు, ఒకే పూట కట్టినట్టు రాశాడు. తేమ ఎక్కడా లేవలేదు. నమూనా టీ తాగి వచ్చేలోగా ముగిసింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. పెద్దసారు ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టారు.

అక్కకు ఫోన్ చేశాను. మీ ఊళ్లో ఈసారి మిర్చి మూటలు ఎప్పుడు కట్టారని అడిగాను.

“మూటలా?” అంది. “గీయేడు వానలు ఎనుక వడ్డయి మేడం. నాట్లు ఎనుకకైనయి. కాయ ఇంకా చెట్టు మీదనే ఉన్నది. తొలి ఏరుడు గూడ కాలే. ఎవల మూటలు?”

మీ ఊరివే పన్నెండు బస్తాల అంకెలు వచ్చాయక్కా అన్నాను, తెరమీది గీతలు చూస్తూ. ఆమెకు విషయం అర్థమైంది.

“గట్లయితే గాయన మీద గూడ గదే రాస్తవా మేడం? నా మీద రాసినట్టు?”

వెంటనే రాస్తానని అనాలి. ఊరికే ఉప్పు తక్కువైందంటేనే ఎగిరిపడే మనిషిని. కానీ ఆ క్షణం నాకు కోపం రాలేదు. జూన్‌లో రెన్యూ కావాల్సిన నా కాంట్రాక్టు, దాని మీద పెద్దసారు పెట్టాల్సిన సంతకం గుర్తొచ్చాయి. చూస్తానక్కా అన్నాను. ఆమె “సరె మేడం, పనున్నది” అని ఫోన్ పెట్టేసింది.

రాశాను. ప్రాజెక్టులోని ఆ నలుగురికీ పోయేలా, అక్క సంగతి కూడా చేర్చి, ఈ రీడింగులు కొలిచి రాసినవి కావన్న అదే వాక్యం రాశాను. కానీ మర్నాడు సాయంత్రానికి గానీ పంపలేకపోయాను. అక్క మీద రాసినప్పుడు నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.